సుకీ కొట్టిన దెబ్బలు

"అదేం స్నేహం అక్కా, రెండు వారాలకోసారి పట్టుకుని చావగొడుతుంటే?" అంది మా గుంపులో అందరికంటే చిన్నది. మేము నలుగురైదుగురం తెలుగు ఆడవాళ్ళం, ఇక్కడ జెర్సీలో, నెలకోసారి ఎవరో ఒకరింట్లో కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి పుస్తకం నేను చెప్పింది. లూయిస్ మెరివెదర్ రాసిన 'డాడీ వాజ్ ఏ నంబర్ రన్నర్', 1970లో వచ్చిన నవల. చదివినవాళ్ళందరికీ నచ్చింది, ఏడ్చాం అన్నారు, కానీ రెండు మాటలు మాత్రం అందరూ అన్నారు. ఒకటి, సుకీ మంచి ఫ్రెండ్ కాదు. రెండోది, ఇంత కష్టం చూపించి చివర్లో ఆ పిల్లకి ఒక దారి చూపించకుండా వదిలేసింది రచయిత్రి, ఆశ అనేదే లేదు. ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, ఇంటికొచ్చాక రెండు వారాలు అదే ఆలోచన, అందుకే ఇది రాస్తున్నా.

కథ చదవనివాళ్ళకి కొంచెం చెప్పాలి. న్యూయార్క్‌లో నల్లజాతి వాళ్ళ పేట హార్లెమ్, 118వ వీధి, 1934 వేసవి. ఫ్రాన్సీ కాఫిన్‌కి పన్నెండేళ్ళు. తల్లీ తండ్రీ, ఇద్దరు అన్నలు, ఎలుకలూ నల్లులూ తిరిగే ఒక ఫ్లాటు. దేశమంతా డిప్రెషన్, అంటే ఎక్కడికక్కడ పనులు పోయిన ఆర్థిక మాంద్యం. తండ్రి నంబర్ రన్నర్, అంటే వీధిలో జనం దగ్గర నంబర్ల పందెం చీటీలు, డబ్బులు వసూలు చేసి పైన బ్యాంకర్‌కి అందించే మనిషి. ఫ్రాన్సీ కూడా ఆ చీటీలు మోస్తుంటుంది. ఆమె ప్రాణ స్నేహితురాలు సుకీ. ఈ సుకీకి అప్పుడప్పుడూ ఏదో పూనినట్టు కోపం వస్తుంది, వచ్చినప్పుడు ఫ్రాన్సీని కొడుతుంది, ఫ్రాన్సీ తప్పించుకుని తిరుగుతుంది, దొరికితే సుకీ తంతుంది, ఆ తర్వాత మళ్ళీ ఇద్దరూ కలిసి మెట్ల మీద కూర్చుంటారు. నవల పొడుగునా ఇదే. పెద్ద ఎక్స్‌ప్లనేషన్ ఏమీ ఉండదు.

రచయిత్రికి ఇది పుస్తకాల్లో చదివిన జీవితం కాదు. ఆమె 1923లో పుట్టింది, అమ్మానాన్నలు సౌత్ కరోలినా నుంచి వలస వచ్చినవాళ్ళు, హార్లెమ్‌లో పెరిగింది, డిప్రెషన్‌లో పని పోయాక వాళ్ళ నాన్న నిజంగానే నంబర్ రన్నర్ అయ్యాడు. 1965లో లాస్ ఏంజెలెస్ వాట్స్ పేటలో అల్లర్లయ్యాక అక్కడ పెట్టిన రైటర్స్ వర్క్‌షాప్‌లో చేరి ఈ నవల మీద పని చేసింది. ముందుమాట పేరున్న నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ రాశాడు, ఆయనా హార్లెమ్ బిడ్డే. 2023 అక్టోబర్‌లో పోయింది ఆమె, నిండా నూరేళ్ళు బతికి.

ఇప్పుడు నంబర్ల సంగతి, ఇక్కడ నేను కొంచెం ఎక్కువ సేపు ఆగుతా, ఎందుకంటే మా గుంపులో మిగతావాళ్ళకి ఇది 'జూదం' అని ఒక్క మాటతో అయిపోయింది, నాకు అవ్వలేదు. నేను కడప జిల్లా దాన్ని. మట్కా అంటే ఏందో మా వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పక్కింటి ఆయన మట్కా బీటర్, పొద్దున టీ అంగడి దగ్గర నిలబడి చీటీలు రాసేవాడు, ఓపెన్, క్లోజ్, జోడీ, రూపాయికి 80. రాత్రి కలలో పాము వస్తే ఒక నంబరు, చచ్చిపోయినవాళ్ళు వస్తే ఒక నంబరు. హార్లెమ్‌లో కూడా అంతే, కలల పుస్తకాలు అమ్మేవాళ్ళు, చేప కలలోకొస్తే ఏ నంబరు ఆడాలో అందులో ఉండేది, నవల మొదలయ్యేదే ఒకామె తన కలలోకి చేపలొచ్చాయని ఫ్రాన్సీకి చెప్పడంతో. ఆ పేజీ చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఇంకో సంగతి ఉంది. బొంబాయిలో మట్కా పుట్టిందే న్యూయార్క్ కాటన్ ఎక్స్చేంజ్ నుంచి టెలిప్రింటర్‌లో వచ్చే పత్తి ఓపెనింగ్, క్లోజింగ్ రేట్ల మీద పందెంగా. 1961లో అది ఆగిపోయాకే కుండలో చీటీలు వేసి తీసే పద్ధతి వచ్చింది, మట్కా అనే పేరు ఆ కుండదే. హార్లెమ్‌లో 1920లలో నంబరు ఎక్కడినుంచి తీసేవాళ్ళంటే న్యూయార్క్ బ్యాంకులు ఒకదానికొకటి బాకీలు తీర్చుకునే క్లియరింగ్ హౌస్ రోజూ పేపర్లో వేసే లెక్కల అంకెల నుంచి, తర్వాత గుర్రప్పందేల మొత్తాల నుంచి. ఆ ఊరి పెద్ద డబ్బు అంకెలు పేపర్లో పడుతుంటే, ఆ డబ్బులో పైసా దక్కనివాళ్ళు ఇక్కడ ఆ అంకెల మీదే పెన్నీ పెట్టుకున్నారు. మా వీధిలో ఓపెన్ క్లోజ్ అనే మాటలు కూడా చివరికి అక్కడినుంచి వచ్చినవే.

లెక్క చూడండి. మూడంకెల నంబరు, అంటే వెయ్యిలో ఒకటి తగలాలి. తగిలితే ఒకటికి 600 ఇచ్చేవాళ్ళు, పెన్నీ, అంటే ఒక సెంటు, పెడితే 6 డాలర్లు, అందులో పదో వంతు రన్నర్‌కి. మోసమే, కాదనను. 1930ల మొదట్లో డచ్ షుల్జ్ అనే తెల్ల గ్యాంగ్‌స్టర్ వచ్చి హార్లెమ్‌లో నల్లవాళ్ళు నడుపుకునే ఈ వ్యాపారాన్ని తుపాకీతో లాక్కున్నాడు, స్టెఫనీ సెయింట్ క్లెయిర్ అని ఒకావిడ వాడికి ఎదురు నిలిచింది, అది వేరే పెద్ద కథ. షుల్జ్ దగ్గర ఓటో బెర్మన్ అని ఒక లెక్కల మేధావి ఉండేవాడు, జనం ఎక్కువ ఆడిన నంబరు తగలకుండా చివరి నిమిషంలో గుర్రప్పందెం మొత్తాలు మార్చేవాడు. 1935 అక్టోబర్‌లో ఇద్దరినీ నెవార్క్‌లో కాల్చేశారు. సరే, ఇప్పుడు ఇంకో లెక్క. న్యూయార్క్ రాష్ట్రమే 1980లో లాటరీలో ఈ మూడంకెల ఆట పెట్టింది, ఈ రోజుకీ ఉంది. డాలర్ పెట్టి నంబరు వరసగా తగిలితే ఎంతిస్తారో తెలుసా? 500. ఫ్రాన్సీ నాన్న ఇచ్చినదానికంటే తక్కువ. ఫ్రాన్సీ నాన్నకి ఈ పనికి జైలు, గవర్నమెంటుకి ఇదే పని ఆదాయం. నేను జూదాన్ని సమర్థించట్లేదు, మట్కాతో కొంపలు ఆరిపోవడం కళ్ళారా చూశాను. కానీ ఆ తండ్రి పాత్రని 'బాధ్యత లేని తండ్రి' అని మా మీటింగులో ఒకావిడ తేల్చేస్తే మాత్రం నాకు మండింది. పియానో బాగా వాయించే మనిషి, అద్దె కట్టలేనివాళ్ళు ఇంట్లోనే టిక్కెట్టు పెట్టి జరిపే రెంట్ పార్టీల్లో వాయించుకుంటాడు, జానిటర్ పని చేస్తాడు, భార్య ఇంకొకరింట్లో పాచిపనికి పోవడం ఒప్పుకోలేడు, గవర్నమెంటు ఇచ్చే రిలీఫ్ సాయం తీసుకోవడం ఒప్పుకోలేడు, చివరికి రెండూ ఒప్పుకోవాల్సి వస్తుంది, ఆ తర్వాత ఇంట్లో నిలవలేక ఇంకొకామె దగ్గరికి వెళ్ళిపోతాడు. వెళ్ళిపోవడం తప్పే. కానీ ఫ్రాన్సీ కళ్ళతో చూస్తే ఆ మనిషి రోజుకింత చిన్నవాడైపోతుంటాడు, నాన్న అంత పెద్దవాడు ఎవరూ లేరనుకున్న పిల్లకి.

మా పక్కింటి బీటర్ కూతురే నా స్నేహితురాలు. ఆరో తరగతి నుంచీ. అది నన్ను కొట్టేది. నిజంగా కొట్టేది, జడ పట్టి లాగి, వీపు మీద గుద్ది, ఒకసారి బడి వెనక నీళ్ళ ట్యాంకు దగ్గర నా పలక కూడా పగలగొట్టింది. మా అమ్మ "మళ్ళీ ఆ పిల్లతో తిరిగితే కాళ్ళు ఇరగ్గొడతా" అనేది. నేను మళ్ళీ సాయంత్రానికి వాళ్ళ అరుగు మీదే ఉండేదాన్ని. ఎందుకు అంటే ఏం చెప్పను? పోలీసులు వాళ్ళ నాయనని తీసుకుపోయిన రోజుల్లో అది కొట్టేది. వాళ్ళ అక్క గురించి వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు గుసగుసలాడుకున్న రోజుల్లో కొట్టేది. నాకు అప్పట్లోనే ఈ లెక్క అర్థమైందని అబద్ధం చెప్పను, కానీ ఒంటికి తెలిసేది, ఈ రోజు దీనికి ఏదో అయింది అని. వేరే పిల్లలు ఎవర్నీ అది ముట్టుకునేది కాదు. వాళ్ళని కొడితే వాళ్ళమ్మలు వస్తారు, వాళ్ళ నాయన గురించి వీధిలో అరుస్తారు. నన్ను కొడితే నేను ఎవరికీ చెప్పను. అంటే దాని కోపం పెట్టుకోవడానికి ఊర్లో ఉన్న ఒకే చోటు నేను. ఇది పొగడ్తగా చెప్పట్లేదు, ఇలా ఉండేది అంతే.

సుకీని నేను అందుకే వదల్లేకపోతున్నా. సుకీ వాళ్ళ అక్క పేరు చైనా డాల్, వీధిలో ఒళ్ళమ్ముకునే పిల్ల, ఆమెని పెట్టి సంపాదించుకునేవాడు ఒకడు ఆల్ఫ్రెడ్ అని, ఆమెని కొడుతుంటాడు, చివరికి వాణ్ణి చైనా డాలే చంపేస్తుంది. వీధిలో అందరూ సుకీని చూసే చూపులో ఒకటే ఉంటుంది, ఇదీ అక్కలాగే అవుతుంది అని. పదమూడేళ్ళ పిల్ల ఆ చూపు మోసుకుంటూ తిరగాలి. ఫ్రాన్సీ ఒక్కతే ఆ చూపు చూడదు. చైనా డాల్ అంటే ఫ్రాన్సీకి ఇష్టం కూడా. అందుకని సుకీ ఆ ఒక్క మనిషి దగ్గరికే వస్తుంది, వచ్చి కొడుతుంది, వచ్చి కూర్చుంటుంది. స్నేహం అంటే కష్టం నుంచి కాసేపు తప్పించుకునే నీడ అని మనం అనుకుంటాం, కథల్లో కూడా అలానే రాస్తాం, బయట ఎండ, లోపల ఇద్దరు స్నేహితురాళ్ళు చల్లగా. ఈ నవలలో అలా లేదు. ఎండ లోపలికి కూడా వస్తుంది. ఆ పిల్లల దగ్గర స్నేహానికి వేరే సరుకు లేదు, ఉన్న ఆకలి, భయం, సిగ్గు వాటితోనే దాన్ని కట్టుకోవాలి, అందుకే అది గరుగ్గా ఉంటుంది.

ఇంకో విషయం మా మీటింగులో ఎవరూ పైకి తీయలేదు, నేను కూడా తీయలేదు, అది నాకు సిగ్గుగా ఉంది. ఫ్రాన్సీ మాంసం కొట్టుకి పోతే కొట్టువాడు చెయ్యి వేస్తాడు, ఒక ముక్క ఎక్కువ వేస్తాడు. బేకరీ వాడూ అంతే. సినిమా హాల్లో పక్క సీట్లో కూర్చునేవాడు, మేడ మీదికి పిలిచేవాడు, చేతిలో ఒక డైమ్, అంటే పది సెంట్ల బిళ్ళ, పెడతారు. ఆ పిల్ల ఇంట్లో చెప్పదు. చెప్పకపోవడానికి భయం ఒక్కటే కారణం కాదు, ఆ ఎక్కువ ముక్క ఇంట్లో గిన్నెలోకి వస్తుంది కదా. ఇది రచయిత్రి ఎక్కడా గొంతు పెంచకుండా రాసింది, పన్నెండేళ్ళ పిల్ల వాతావరణం గురించి చెప్పినట్టు చెబుతుంది, అదే చదవడానికి కష్టం. మా గుంపులో కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఒక బస్సో, ఒక కిరాణా కొట్టో, ఒక చుట్టమో గుర్తొచ్చి ఉంటుందని నాకు గట్టి నమ్మకం, కానీ టీ తాగి స్నేహం గురించి మాట్లాడుకున్నాం. ఫ్రాన్సీ సుకీ ఇద్దరి మధ్యా ఇలాంటివి దాచుకోవాల్సిన పని ఉండదు. ఒకరి ముందు ఒకరు మంచి పిల్లల్లా నటించక్కర్లేదు. అంత బరువు దించుకోవడానికి ఒక మనిషి దొరికితే అప్పుడప్పుడూ నాలుగు దెబ్బలు తినడం ఆ పిల్లకి పెద్ద ధర అనిపించలేదు.

ఇక రెండో మాట, ఆశ లేదు అనేది. దీనికి మా వాళ్ళలో ఒకావిడ ఇచ్చిన వివరణ నేను జెర్సీ తెలుగు ఇళ్ళలో చాలాసార్లు విన్నదే. "మనం కూడా ఏమీ లేకుండానే వచ్చాం కదా, చదువుకుని పైకి రాలేదా, వాళ్ళెందుకు చదువుకోరు" అని. హార్లెమ్ అంటే "ఆ ఏరియాకి పోవద్దు" అనే మాట కూడా ఇదే ఇళ్ళలో వింటాను. ఆవిడంటే నాకు గౌరవం, కానీ ఈ మాట తప్పు. నవలలోనే జవాబు ఉంది. ఫ్రాన్సీ రెండో అన్న స్టెర్లింగ్ చదువులో చురుకు, ఇంట్లో అందరి ఆశా వాడి మీదే. వాడు బడి మానేస్తాడు. బుద్ధి లేక కాదు, ఆ చదువుకి అవతల వాడి కోసం తెరిచి ఉన్న తలుపు కనపడక. 1934లో 125వ వీధిలో నల్లవాళ్ళ డబ్బుతో నడిచే పెద్ద షాపుల్లో నల్లమ్మాయిని సేల్స్‌గర్ల్‌గా పెట్టుకోమని అడగడానికి కూడా ఉద్యమం చేయాల్సి వచ్చింది, పని ఇవ్వనిచోట కొనొద్దు అని షాపుల ముందు పికెటింగ్ చేశారు. పెద్దన్న జూనియర్ గ్యాంగులో చేరతాడు, ఒక తెల్లవాణ్ణి చంపాడని పట్టుకుపోతారు, తల్లి గుండె చేతిలో పెట్టుకుని తిరుగుతుంది.

ఆ తల్లి పని గురించి చెప్పాలి. రోజు పని, డేస్ వర్క్ అనేవాళ్ళు. ఆ రోజుల్లో బ్రాంక్స్‌లో కొన్ని వీధి మూలల్లో నల్లజాతి ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి నిలబడేవాళ్ళు, ఇళ్ళ యజమానురాళ్ళు వచ్చి బేరమాడి తీసుకుపోయేవాళ్ళు. మన ఊళ్ళల్లో కూలీల అడ్డా ఎలా ఉంటుందో అలాగే. ఉద్యమకారిణి ఎల్లా బేకర్, జర్నలిస్టు మార్వెల్ కుక్ ఇద్దరూ కలిసి 1935లో దాని మీద ఒక రిపోర్ట్ రాశారు, 'బ్రాంక్స్ బానిసల సంత' అని అర్థం వచ్చే పేరు పెట్టి. అదే 1935లో అమెరికాలో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది, ముసలితనంలో పెన్షన్, పని పోతే భృతి. అందులోనుంచి ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళనీ పొలం పనివాళ్ళనీ తీసేశారు. నల్లజాతి వాళ్ళలో చాలామందికి ఉన్న పనులు ఆ రెండే. అంటే ఫ్రాన్సీ వాళ్ళమ్మ మోకాళ్ళ మీద వంగి తుడిచిన నేలలకి చట్టంలో లెక్క లేదు. "మనం కూడా ఏమీ లేకుండానే వచ్చాం" అనే మాట ఇక్కడ నిలవదు. మనం డిగ్రీతో వచ్చాం, వీసాతో వచ్చాం, 1965లో మారిన ఇమ్మిగ్రేషన్ చట్టంతో వచ్చాం, ఆ చట్టం మారడం వెనక కూడా వీళ్ళు రోడ్ల మీద కొట్లాడి తెచ్చుకున్న పౌరహక్కుల కాలమే ఉంది.

నవలలో 1935 మార్చి 19 కూడా వస్తుంది. లీనో రివేరా అనే పదహారేళ్ళ ప్యూర్టోరికన్ పిల్లాడు 125వ వీధిలో క్రెస్ షాపులో ఒక చిన్న చాకు దొంగిలించాడని పట్టుకున్నారు, తర్వాత వెనక దారిలోంచి వదిలేశారు. కానీ పిల్లాణ్ణి కొట్టి చంపేశారని పుకారు పాకింది, అదే టైముకి ఆ చుట్టుపక్కల శవాల బండి ఒకటి కనపడటంతో జనం నమ్మేశారు. రాత్రంతా హార్లెమ్ అద్దాలు పగిలాయి. ముగ్గురు పోయారు, లాయిడ్ హాబ్స్ అనే ఇంకో పదహారేళ్ళ పిల్లాణ్ణి ఒక పోలీసు కాల్చాడు, వాడూ బతకలేదు. మేయర్ లా గార్డియా కమిషన్ వేశాడు, ఇ. ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ అనే సోషియాలజిస్ట్ ఆధ్వర్యంలో లోతుగా పరిశోధన చేసి పనుల్లో వివక్ష, ఇళ్ళ అద్దెలు, ఆసుపత్రి, బడులు, పోలీసులు అన్నిటి గురించీ రాశారు, ఆ రిపోర్టుని మేయర్ బయట పెట్టలేదు. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్ న్యూస్ అనే నల్లజాతి పత్రిక సంపాదించి అచ్చేసింది. ఇవన్నీ ఫ్రాన్సీకి తెలీవు. ఆమెకి తెలిసింది వీధి మాత్రమే. కానీ ఇవన్నీ తెలిశాక నవల మళ్ళీ చదివితే, చివర్లో ఆ పిల్ల వేసుకునే లెక్క ఉంటుంది చూశారా, ఈ వీధిలో ఆడపిల్ల ఏమవ్వగలదు అని, చైనా డాల్‌లాగా అవ్వడం, లేదా లాండ్రీ, లేదా ఇళ్ళల్లో పని, లేదా ఏడాదికో బిడ్డ, ఆ లెక్క నిరాశ అనిపించదు. పదమూడేళ్ళకి కళ్ళు తెరిచి నిజం చెప్పడం అనిపిస్తుంది. రచయిత్రి ఒక టీచరమ్మనో స్కాలర్‌షిప్పో తెచ్చి ఫ్రాన్సీని బయటికి తీసుకుపోయి ఉంటే మనకి హాయిగా ఉండేది. సుకీ అక్కడే ఉండిపోయేది. నేను ఊరు వదిలి వచ్చినట్టు, నా స్నేహితురాలు అక్కడే ఉండిపోయినట్టు. ఆ పుస్తకం ఆ పని చేయనందుకు నేను రచయిత్రికి దణ్ణం పెడతా.

ఇది రాయడం మొదలుపెట్టాక ఒక శనివారం జెర్సీ నుంచి న్యూయార్క్ వెళ్ళే పాత్ (PATH) ట్రైన్‌లో 14వ వీధికి, అక్కడ 2 నంబర్ ట్రైన్ ఎక్కి 116వ వీధిలో దిగాను. లెనాక్స్ అవెన్యూ మీద పచ్చ గుమ్మటం మసీదు, ఆ పక్కన సెనెగల్ వాళ్ళ అంగళ్ళు. రెండు వీధులు నడిస్తే 118. బాగు చేసిన ఇళ్ళు, ముందు పూలకుండీలు, ఫ్రాన్సీ వాళ్ళు కలలో కూడా కొనలేని ఇళ్ళు. ఒక ఇంటి మెట్ల మీద ఇద్దరు పిల్లలు ఒకే ఫోన్‌లో ఏదో చూస్తూ ఒకర్నొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. నేను ఆగకుండా నడిచి వచ్చేశాను.

ఆ రాత్రి నా స్నేహితురాలికి ఫోన్ చేశాను, అక్కడ పొద్దున. కథంతా చెప్పాను, నంబర్లు, పోలీసులు, సుకీ కొట్టడం, చైనా డాల్. వాళ్ళ నాయన గురించి ఏదైనా అంటుందేమో, లేదా "నేను నిన్ను కొట్టేదాన్ని కదా మే" అని నవ్వుతుందేమో అనుకున్నా. చాలాసేపు ఏమీ అనలేదు. పొయ్యి మీద ఏదో ఉన్నట్టుంది, గరిటె చప్పుడు వినపడుతోంది. మా స్నేహం గొప్పతనం ఏందంటే నేను దాన్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు అని ఇన్నాళ్ళూ నా మనసులో ఉంది, ఇందాక పైన సుకీ గురించి రాసింది కూడా ఆ నమ్మకంతోనే. అది గరిటె పక్కన పెట్టి అడిగింది, "మా అక్కకేమైందని నువ్వు ఒక్కసారి కూడా ఎందుకు అడగలేదు మే?" అని.

అప్పుడు అడిగాను. గంటా పది నిమిషాలు మాట్లాడింది.